టిబ్లీ తువ్వాలు, సింగపూరు టిష్యూ

మా తెనాలిలో నేను చెప్పే ప్రతి మాటనూ సగానికి కోసి వింటారు. కాలవగట్టున పదడుగుల పామును చూశానంటే, ఐదడుగులని రాసుకుంటారు. అందువల్ల నిజంగా ఐదడుగుల పామును చూసిన రోజున కూడా నేను పదని చెప్పక తప్పదు. తప్పు నాది కాదు, వినేవాళ్ల కత్తెరది.

ఈసారి మాత్రం ముందే ఒట్టేస్తున్నాను. నా కళ్లజోడు మీద, మా ఆవిడ వేసే పెసరట్టు మీద, ఇన్నేళ్లుగా నా చరిత్ర పాఠాలు విని కూడా పాసైన పిల్లలందరి మీద ఒట్టు. ఈ సింగపూరు ప్రయాణంలో జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. కత్తెర పక్కన పెట్టి చదవండి.

తువ్వాలు పట్టుకున్నవాడు

అందరూ సింగపూరుకి ఎత్తయిన మేడలు చూడటానికి వెళతారు. నేను దాదాపు ఐదువందల ఏళ్ల కిందటి ఇంగ్లండు మనిషి ఒకడి కోసం వెళ్లాను. ఆయన పేరు ఆంబ్రోస్ టిబ్లీ. ఆరుగురిని పెళ్లాడి, అందులో ఇద్దరి తలలు తీయించిన ట్యూడర్ రాజుగారు ఉన్నారే, ఆయన కొలువులో పనిచేసేవాడు. రాజుగారు భోంచేసి చెయ్యి కడుక్కుంటే తువ్వాలు అందించడం టిబ్లీ ఉద్యోగం. అది కూడా పూర్తిగా ఆయనది కాదు. అసలు అందించేవాడికి జ్వరం వస్తే ఈయన అందించాలి.

రాజుల చరిత్రలు రాయడానికి లోకంలో బోలెడంతమంది ఉన్నారు. రాజు చేతికి తువ్వాలు అందించినవాడికి ఒక్కడైనా ఉండొద్దూ? ఆ జాలితో పన్నెండేళ్లు కూర్చుని, టిబ్లీ జీవితచరిత్ర తెలుగులో మూడువందల పేజీలు రాశాను. ఆయన గురించి లోకంలో దొరికే ఆధారాలు మొత్తం కలిపి ఒక పేజీకి సరిపోవు. మిగతా రెండువందల తొంభైతొమ్మిది పేజీలూ నా కష్టార్జితం.

చిక్కల్లా ఏడో అధ్యాయం దగ్గర వచ్చింది. పాత రాజభవనపు కాగితాల్లో టిబ్లీ గురించి ఒక సంగతి ఉంది. ఒకరోజు పెద్ద హాల్లో బల్ల మీద తన తువ్వాలు పరిచి ఎటో వెళ్లాడు. తిరిగొచ్చి ఇంకో ఉద్యోగితో కలబడ్డాడు. కొలువు ఊడింది. అంతే. తువ్వాలు ఎందుకు పరిచాడో, ఎందుకు కొట్టుకున్నాడో ఒక్క ముక్క లేదు. నేను ఊరుకుంటానా? ఆ తువ్వాలు ఒక గూఢచారి సంకేతమనీ, తల పోబోతున్న రాణిగారికి 'పారిపో' అని చెప్పడానికే టిబ్లీ దాన్ని పరిచాడనీ నలభై పేజీలు రాసేశాను. వాన, మెరుపులు, గుర్రం, అన్నీ పెట్టాను.

విజయవాడలో మా ప్రచురణకర్త అది చదివి ఫోన్ చేశాడు.

"మాస్టారూ, ఇది మీరు అల్లింది కదూ?"

"చరిత్ర అల్లికే కదండీ."

"అదేం కుదరదు. సింగపూరులో నఫీసా బేగం మేడమ్ ఉన్నారు, నాకు హైదరాబాదులో పాఠం చెప్పారు. ఆ కాలపు చేతిరాత చదవగలరు, తెలుగూ చదవగలరు. ఆవిడ చూసి ముందుమాట రాస్తేనే అచ్చు. లేదంటే మీ టిబ్లీని రెండోసారి కొలువులోంచి తీసేసినట్టే అనుకోండి."

మేడమ్‌గారు కంప్యూటరులో పంపితే చదవరట. కాగితమే కావాలట, మనిషే రావాలట. చేతిలో ఐదు రోజులు. పన్నెండేళ్ల కష్టం ఒక పెట్టెలో సర్దుకుని బయల్దేరాను.

యూ టీ: గోంగూర అధ్యాయం

సింగపూరు విమానాశ్రయంలో అధికారి ఎవరైనా 'ఎందుకొచ్చావు' అని అడిగితే చెప్పడానికి, టిబ్లీ మీద అరగంట ఇంగ్లీషు ప్రసంగం తయారు చేసుకున్నాను. అక్కడ మనిషే లేడు. ఒక యంత్రం నా బొటనవేలు అడిగింది. వేలు పెట్టాను, తలుపు తెరుచుకుంది. నా ప్రసంగం నాలోనే మిగిలిపోయింది.

అది వినే భాగ్యం మా తోడల్లుడు ప్రభాకర్‌కి దక్కింది. ప్రభాకర్ అంటే మా ఆవిడ చెల్లెలు లలిత మొగుడు. యూ టీ అనే పేటలో ప్రభుత్వం కట్టిన ఇళ్లల్లో, పదకొండో అంతస్తులో ఉంటారు. బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం. మంచివాడే. కానీ మా మామగారింట్లో గారెలు వడ్డిస్తే నాకు మూడు పడితే అతనికి ఐదు పడతాయి. అలాంటి మనిషి ఎంత మంచివాడైతే మాత్రం నాకేం లాభం?

పెట్టె తెరిచేసరికి ఇంటినిండా వాసన. మా ఆవిడ పంపిన గోంగూర పచ్చడి సీసా మూత ఊడి, నూనె మూడో అధ్యాయంలోకి దిగింది. టిబ్లీ పెళ్లి అధ్యాయం అది. పెళ్లికూతురి తండ్రి పేరు చుట్టూ ఎర్రటి నూనె వలయం.

"అయ్యో బావగారూ, మొత్తం స్పాయిల్ అయిపోయిందా?" అంది లలిత కంగారుగా.

"పుస్తకమా?"

"పచ్చడి బావగారూ!"

ప్రభాకర్ కాగితాలను కిటికీ బయటి వెదురుగడకి క్లిప్పులు పెట్టి ఆరేశాడు. అక్కడ ప్రతి ఇంటివాళ్లూ కిటికీ బయటికి గడలు చాపి వాటిమీదే బట్టలు ఆరేస్తారు. చుట్టూ అందరి చొక్కాలూ ఎగురుతుంటే, మా గడ మీద ట్యూడర్ పెళ్లి ఎగిరింది. ఎదురు బ్లాకులో ఒక ముసలావిడ కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంది.

రాత్రి భోజనాల దగ్గర టిబ్లీ సంగతంతా చెప్పాను. ప్రభాకర్ శ్రద్ధగా విన్నాడు. అదే అతనితో వచ్చిన ఇబ్బంది. విని, సలహా ఇస్తాడు.

"అన్నయ్యా, ఆ తువ్వాలు జస్ట్ మర్చిపోయి ఉండొచ్చుగా?"

"చరిత్రలో ఎవడూ ఏదీ మర్చిపోడు తమ్ముడూ."

"లేకపోతే తడిసిందేమో. ఆరేసుకున్నాడేమో."

నేను పెరుగన్నం వైపు చూపు తిప్పుకున్నాను. చరిత్రకి చరిత్రకారులుండాలి గానీ, తోడల్లుళ్లు కాదు.

బుకిట్ పంజాంగ్: కళ్లు మూసుకునే రైలు

మర్నాడు ఉదయం మేడమ్‌గారి ఇంటికని బయల్దేరి, చోవా చూ కాంగ్ స్టేషన్‌లో దిగి, అక్కణ్ణించి చిన్న రైలు ఎక్కాను. డ్రైవరు లేని రైలు. ఇళ్ల మధ్యనుంచి, మూడో అంతస్తు ఎత్తున పోతుంది. కిటికీలోంచి చూస్తూ ఉన్నానా, ఉన్నట్టుండి లోకం పాలలా తెల్లబడిపోయింది. నాకు శుక్లాలు ముదిరాయనుకున్నాను. కళ్లజోడు తీసి తుడిచాను. పెట్టుకున్నాను. తెలుపే. పన్నెండేళ్లు సన్నచ్చు చదివిన పాపం ఇలా తగిలింది. పక్కనున్న చీనా పెద్దావిడ చెయ్యి పట్టుకుని, "ఆంటీ, మై ఐస్, మై ఐస్!" అన్నాను.

ఆవిడ ప్రశాంతంగా, "ట్రెయిన్ లా, నాట్ యు," అంది. మాట చివర ఆ 'లా' అక్కడి ఊతపదం.

ఇళ్లకి మరీ దగ్గరగా వెళ్లేటప్పుడు ఆ రైలు కిటికీలు వాటంతటవే మసకబారతాయట. జనం ఇళ్లల్లో వాళ్ల బతుకు వాళ్లు బతకాలి కదా, అందుకు. బ్లాకు దాటగానే మళ్లీ అద్దం తేటపడింది. మా ఊరి బస్సుకి ఇలాంటి కిటికీలు పెడితే జనం టికెట్టు డబ్బులు వెనక్కి అడుగుతారు. మనకి ప్రయాణమంటేనే ఎవరింట్లో ఏం వండారో చూసుకుంటూ పోవడం.

నఫీసా బేగంగారికి డెబ్బై ఉంటాయి. ముప్ఫై ఏళ్లు ఇక్కడ యూరప్ చరిత్ర పాఠాలు చెప్పి, బుకిట్ పంజాంగ్‌లోనే ఉండిపోయారు. ఇల్లంతా పుస్తకాలు, వంటింట్లోంచి ఖట్టీదాల్ పోపు వాసన. చేతిలో ఎర్ర పెన్సిలు. ఆ పెన్సిలు మొన చూస్తేనే నాకు పరీక్ష హాలు గుర్తొచ్చింది.

"కూర్చోన్రి లెక్చరర్ సాబ్. చాయ్ తాగున్రి. ఆ రోజు వాన పడ్డదని మీకెవరు చెప్పిన్రు?"

ఇంకా కప్పు కూడా ఎత్తలేదు.

"ఇంగ్లండు కదా మేడమ్. పడకుండా ఉంటుందా?"

వాన కొట్టేశారు. మెరుపులు కొట్టేశారు. "ఈ గుర్రం రంగు?" అన్నారు. గుర్రం రంగు కొట్టేసి, ఒక క్షణం ఆలోచించి, గుర్రాన్ని కూడా కొట్టేశారు. టిబ్లీ నడిచి వెళ్లాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి మూడువందల పేజీల పుస్తకం నూటనలభైకి చిక్కింది. మూడో అధ్యాయం దగ్గర మాత్రం ఆగి, కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చారు.

"యా అల్లా! మొత్తం పుస్తకంల నిజమైన వాసన దీనికొక్కదానికే ఉన్నది. దీన్ని ముట్టుకోను."

తర్వాత ఏడో అధ్యాయం. నలభై పేజీలూ ఒక్కసారి కూడా పెన్సిలు ఆడించకుండా చదివారు. నాకు ఆశ పుట్టింది. చివర్లో కట్ట మూసి, పైన ఒకే ఒక్క గీత గీశారు, ఈ మూల నుంచి ఆ మూలకి.

"మేడమ్! అది పుస్తకానికి గుండెకాయ."

"గుండెకాయ మీ దగ్గరి నుంచి తెచ్చిపెడితే ఆయన బతుకుతడా? నాకు గూఢచారులు వద్దు, రాణులు వద్దు. ఆ మనిషి గుడ్డ ఎందుకు పరిచిండు? గదొక్కటి చెప్పున్రి, ముందుమాట రాస్త. తెల్వదంటే తెల్వదని రాయున్రి, అప్పుడు పుస్తకమే అక్కర్లేదు. శుక్రవారం నేను ఉమ్రాకి మక్కా పోతున్న. గురువారం వరకు టైమ్."

అది సోమవారం.

చోవా చూ కాంగ్: క్యారెట్ లేని కేకు

మంగళవారమంతా చోవా చూ కాంగ్‌లో ఒక కాఫీ కొట్లో కూర్చుని ఆలోచించాను. అక్కడ కాఫీని 'కోపి' అంటారు. డాలరున్నర. చక్కెర వద్దు, పాలు తక్కువ, చిక్కగా అని చెప్పడానికి ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది. నాకవి రాక, వేలితో చూపించి ఏది ఇస్తే అది తాగాను. మూడుసార్లు మూడు రకాలు వచ్చాయి, మూడూ బాగున్నాయి.

ఆకలేసి, పలకమీద 'క్యారెట్ కేక్' అని చూసి తెప్పించుకున్నాను. పళ్లెంలో ముల్లంగి పిండిముక్కలు గుడ్డుతో వేయించినవి వచ్చాయి. క్యారెట్టూ లేదు, కేకూ లేదు. "ఇందులో క్యారెట్ ఏది?" అని కొట్టావిడని అడిగాను. "క్యారెట్ కేక్ నో క్యారెట్," అంది, సూర్యుడు తూర్పున వస్తాడన్నంత తేలిగ్గా. ఈ వంటకాన్ని నఫీసా మేడమ్ ముందు పెడితే ఎర్ర పెన్సిలుతో పళ్లెం కూడా కొట్టేస్తారు. కానీ రుచి! నా ఏడో అధ్యాయం కూడా అంతేగా, గూఢచారి లేని గూఢచారి కథ. రుచిగా ఉంది కదా, ఏం పోయింది అనుకున్నాను. కానీ చెంచా కింద పెట్టేశాను. ఎందుకో టిబ్లీ ఎదురుగా కూర్చుని నా పళ్లెంవైపు చూస్తున్నట్టనిపించింది. 'నా గురించి ఒక్కటి, ఒకే ఒక్కటి నిజం రాయవయ్యా' అన్నట్టు.

సాయంత్రం ఇంటికెళితే ప్రభాకర్ గుమ్మంలోనే ఆపాడు.

"అన్నయ్యా, ఆఫీసులో ఆలోచించాను. టిబ్లీకి షుగరేమో! షుగరుంటే మాటిమాటికీ లేచి వెళ్లాలిగా."

"తమ్ముడూ, నువ్వు బ్యాంకు చూసుకో."

నొచ్చుకున్నాడు పాపం. కానీ ఐదు గారెల మనిషి, తట్టుకోగలడు.

మళ్లీ బుకిట్ పంజాంగ్: ఆరు ప్యాకెట్లు

బుధవారం ప్రభాకర్ సెలవు పెట్టి, నన్ను బుకిట్ పంజాంగ్‌లోని హాకర్ సెంటరుకి తీసుకెళ్లాడు. హాకర్ సెంటరంటే, ఒకే కప్పు కింద నలభై కొట్లు, మధ్యలో బల్లలు. చీనా, మలయా, తమిళ వంటలు పక్కపక్కనే. మధ్యాహ్నం వేళ, తిరునాళ్లంత జనం. "అన్నయ్యా, మీరు ఎక్కడైనా టేబుల్ చూసి కూర్చోండి, నేను ఫుడ్ తెస్తాను," అని క్యూలోకి దూరాడు.

ఆశ్చర్యం! అంత జనంలోనూ చాలా బల్లలు ఖాళీగా ఉన్నాయి. ప్రతి ఖాళీ బల్ల మీదా ఒక చిన్న టిష్యూ కాగితాల ప్యాకెట్టు. నా కళ్లు చెమర్చాయి. అతిథి కూర్చోకముందే చేతులు తుడుచుకునే కాగితం పెట్టే దేశం! పన్నెండేళ్లు తువ్వాళ్ల మీద పరిశోధించినవాణ్ణి, ఆ మర్యాద విలువ నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది? ఒక బల్ల దగ్గర కూర్చుని ప్యాకెట్టు విప్పి ముక్కు తుడుచుకున్నాను. మా ఆవిడ కోసమని పక్క బల్ల మీదిది సంచిలో వేసుకున్నాను. మా ప్రిన్సిపాలుకొకటి. మామగారికొకటి. వదిలేస్తే బాగుండదని ఇంకో రెండు.

ప్యాకెట్టు తీసిన బల్ల తీసినట్టే నిండిపోతోంది. జనం నవ్వుతూ వచ్చి కూర్చుంటున్నారు. 'నేను తీస్తేనే కూర్చుంటున్నారు, ఎంత పద్ధతైన మనుషులు' అనుకున్నాను.

అప్పుడొచ్చాడు ఒక చీనా పెద్దాయన. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. రెండు చేతుల్లో పొగలు కక్కే నూడుల్స్ గిన్నె. తన బల్ల దగ్గర నిలబడి, అక్కడ కూర్చున్న నన్ను చూశాడు, బల్లని చూశాడు, తర్వాత నా సంచిని చూశాడు.

"అంకుల్! మై టిష్యూ!"

నా కన్నా పాతికేళ్లు పెద్దవాడు నన్ను అంకుల్ అన్నాడన్న బాధలో నేనుండగానే, వెనకనుంచి ఇద్దరు ఆఫీసు అమ్మాయిలు పళ్లేలతో వచ్చారు. "హూ టుక్ అవర్ సీట్!" వాళ్ల వెనక ఒక తమిళ ఆంటీ. "ఎన్న సార్ ఇదు? అదు ఎన్ టిష్యూ!" అంది. నాకు తమిళం రాదు గానీ, కోపం బాగా అర్థమవుతుంది.

"యు టేక్ మై టిష్యూ, దెన్ ఐ సిట్ వేర్?" అన్నాడు పెద్దాయన. గిన్నెలో చారు ఒలుకుతోంది.

ప్రభాకర్ టోస్టు, కోపి పళ్లెంతో వచ్చి, గుంపు మధ్యలో నన్ను చూసి కొయ్యబారిపోయాడు.

"అన్నయ్యా, సంచిలో అవేంటి?"

"ప్రభుత్వం వారివి."

"అయ్యో అన్నయ్యా! అవి చోప్ చేసినవి!"

చోప్ అంటే, సీటు ఆపుకోవడమట. ముందు టిష్యూ ప్యాకెట్టు బల్ల మీద పెట్టి, తర్వాత తిండి కోసం క్యూలో నిలబడతారు. ఆ ప్యాకెట్టుని ముట్టుకోవడమంటే పీటల మీదినుంచి పెళ్లికొడుకుని లేపి పక్కన కూర్చోబెట్టడమే. దేశంలో ఇన్ని చట్టాలున్నాయి, ఇది మాత్రం ఏ చట్టంలోనూ లేదు. కానీ దీన్ని మీరినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇక పంపకం. సంచి బల్ల మీద బోర్లించాను. ఏది ఎవరిదో తెలియదు. నా కళ్లకి అన్నీ ఒకేలా ఉన్నాయి. "మైన్ గాట్ ఇన్సూరెన్స్ పిక్చర్," అంది ఆఫీసు అమ్మాయి. తమిళ ఆంటీది పువ్వుల బొమ్మది. పెద్దాయనదే నేను విప్పి ముక్కు తుడుచుకున్నది. దాన్ని రెండు చేతులతో తిరిగి ఇవ్వబోతే, "నో నీడ్" అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి అడుగు వెనక్కి వేశాడు. ప్రభాకర్ పరుగెత్తి, మెట్ల దగ్గర టిష్యూలు అమ్మే అవ్వ దగ్గర కొత్తది కొని తెచ్చి ఇచ్చాడు. అందరికీ వంగి వంగి సారీలు చెప్పాడు. పెద్దాయనని మా బల్ల దగ్గరే కూర్చోబెట్టాడు.

ఆయన నలభై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడట. కోపం నూడుల్స్‌తో పాటే చల్లారింది. "బిఫోర్ టిష్యూ, అంబ్రెల్లా ఆల్సో క్యాన్, కీ ఆల్సో క్యాన్," అని చోప్ చరిత్ర చెప్పుకొచ్చాడు. బస్సు మాట రాగానే ప్రభాకర్ ఉత్సాహంగా తెనాలి బస్టాండు గురించి మొదలుపెట్టాడు. మా దగ్గర బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫు సీటు మీదికి విసురుతామని, అది ఎవరిదైతే సీటు వాళ్లదేనని చెప్పాడు. పెద్దాయన పడీ పడీ నవ్వాడు. ప్రభాకర్ నోటినిండా టోస్టు పెట్టుకుని, నావైపు తిరిగి ఏదో అన్నాడు. పైన తిరిగే ఫ్యాన్ల హోరులో సరిగా వినపడలేదు.

సరిగ్గా అప్పుడే నా బుర్రలో మెరుపు మెరిసింది.

టిబ్లీ తువ్వాలు పరిచింది సంకేతానికి కాదు. సీటుకి! చలిదేశం, పెద్ద హాలు, నెగడు దగ్గర ఒకటే బల్ల. చిన్న ఉద్యోగి, ఎవరూ చోటివ్వరు. ముందొచ్చి తువ్వాలు వేసి, పని చూసుకురావడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఇంకెవడో దాన్ని తీసి అవతల పారేసి కూర్చున్నాడు. కలబడడా మరి? బస్సులో మన కర్చీఫు తీసేసి కూర్చున్నవాణ్ణి మనం ఊరికే వదులుతామా?

గట్టిగా అరిచి లేచాను. పెద్దాయనకి టిబ్లీ కథంతా చెప్పాను. ఆయన చాప్‌స్టిక్కులు ఆపి, సూటిగా అడిగాడు.

"సో హీ గెట్ బ్యాక్ హిస్ సీట్, ఆర్ నాట్?"

"లేదు. ఉద్యోగం కూడా పోయింది."

"నాట్ ఫెయిర్ లా," అన్నాడు, నిన్న జరిగినదానికి బాధపడ్డట్టు. ఐదువందల ఏళ్లలో టిబ్లీ పక్షాన మాట్లాడిన మొదటి సాక్షి ఆయనే.

చివరి నియమం

గురువారం ఉదయం నాలుగు పేజీల కొత్త ఏడో అధ్యాయంతో నఫీసా మేడమ్ ముందు కూర్చున్నాను. వాన లేదు, గుర్రం లేదు. చదివారు. మళ్లీ చదివారు. పెన్సిలు కదల్లేదు.

"ముచ్చట మంచిగున్నది. ఆధారం?"

"తెనాలి బస్టాండు మేడమ్."

"రాజభవనానికి తెనాలి బస్సు పోతదా?" అంటూ లేచి, అలమారలోంచి ఆ పాత కాగితాల ఫోటోలు తీశారు. ఇంటి పెత్తనం చేసే అధికారులు రాసుకున్న నియమాల చిట్టా. కుక్కల్ని హాల్లోకి తేవద్దు, గిన్నెలు ఎత్తుకుపోవద్దు, ఇలాంటివి. భూతద్దం పెట్టి వేలితో వెతుక్కుంటూ వెళ్లి, అట్టడుగున ఆగారు.

"పనికిరాదని నేనే దీన్ని ఇన్నేండ్లు దాటేసిన. ఇగో చూడున్రి. టోపీలు గానీ గుడ్డలు గానీ బల్లల మీద పెట్టి ఎవ్వరూ వెళ్లకూడదని రాసి ఉన్నది."

"అంటే?"

"మీ ఊర్ల గోడ మీద 'ఇక్కడ చెత్త వేయరాదు' అని ఎక్కడ రాస్తరు?"

"చెత్త వేసే చోట."

"గంతే! పెట్టకూడదని రాసిన్రంటే, అందరూ పెడుతున్నట్టే. మియా, మీ టిబ్లీ సీటు ఆపుకున్నడు!" ఎర్ర పెన్సిలు బల్ల మీద పడేసి, డెబ్బై ఏళ్ల మనిషి చప్పట్లు కొట్టారు. ఖట్టీదాల్ అన్నం పెట్టారు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను, టిబ్లీ వంతు కూడా కలిపి.

తింటుండగా అడిగారు. "పన్నెండేండ్ల నుంచి టిబ్లీ మీతోనే ఉన్నడు. యాభై ఏండ్ల నుంచి ఆ బస్సు ఎక్కుతున్నరు. నిన్న ఎట్ల తట్టింది?"

"మెరుపు మేడమ్. అది ఎప్పుడు మెరవాలో అప్పుడే మెరుస్తుంది."

"మెరుపులన్నీ నేను సోమవారమే కొట్టేసిన," అన్నారు, నా కళ్లలోకి చూస్తూ.

విమానాశ్రయం: ఒక ఖాళీ

శుక్రవారం పొద్దున్నే ముందుమాట కవరు పంపారు. విమానాశ్రయంలో విప్పాను. రెండు పేజీలు, ముత్యాల్లాంటి రాత. కొత్త ఏడో అధ్యాయం గురించి ఎంతో మెచ్చుకున్నారు. ఒకచోట మాత్రం, తువ్వాలు రహస్యం మొదట కనిపెట్టినవారు అని రాసి, పక్కన బెత్తెడు జాగా ఖాళీ వదిలారు. అంచున చిన్నగా: 'ఇక్కడి పేరు మీరే రాసుకోన్రి.'

ప్రభాకర్ పక్కనే ఉన్నాడు, నా పెట్టె బరువు చూస్తూ. నేను కాస్త పక్కకి తిరిగి, ఆ ఖాళీలో నా పేరు రాశాను. పెన్సిలుతో.

లోపలికి వెళ్లేముందు అతను జేబులోంచి టిష్యూ ప్యాకెట్టు తీసి నా చేతిలో పెట్టాడు. "దారిలో పనికొస్తుంది అన్నయ్యా. ఈసారి ఇది మీదే, భయం లేదు."

ఒట్టులో చిల్లు

టిబ్లీ పుస్తకం ప్రూఫులు వచ్చాయి. రేపు వెనక్కి పంపాలి. అందుకే ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మీరు అనుమానించినవన్నీ నిజాలే. రైలు కిటికీలు నిజం, గోంగూర నిజం, ఆరు ప్యాకెట్లూ నిజం. ఇందులో నేను కల్పించింది ఒకటే: ఫ్యాన్ల హోరులో వినపడలేదన్నానే, అది. వినపడింది. టోస్టు తుంపరలతో సహా ప్రతి అక్షరం వినపడింది.

"అన్నయ్యా, మీ టిబ్లీ కూడా మనం తెనాలి బస్సులో కర్చీఫు వేసినట్టు సీటుకి తువ్వాలు వేశాడేమో!"

మెరుపు లేదు. మెరిసింది ప్రభాకర్. ఆ ఆలోచన మీద అప్పటికే అతని ప్యాకెట్టు ఉంది. నేను దాన్ని తీసి అవతల పెట్టి, దర్జాగా కూర్చున్నాను. టిబ్లీ తువ్వాలు తీసేసి కూర్చున్న ఆ ఇంకొకడి పేరు చరిత్రలో దొరకలేదని పన్నెండేళ్లు బాధపడ్డాను. వాడెలా ఉంటాడో ఇప్పుడు అద్దంలో చూస్తే సరిపోతుంది.

ముందుమాటలోని పెన్సిలు రాత చెరిపేశాను. మనసు మారుతుందేమోనని, ఆ ఖాళీ మీద అతనిచ్చిన టిష్యూ ప్యాకెట్టు పెట్టి, టీ తాగొచ్చాను. తిరిగొచ్చేసరికి ఎవరూ కూర్చోలేదు. అప్పుడు సిరాతో రాశాను: ప్రభాకర్, యూ టీ.

మా ఊరివాళ్లు అలవాటు కొద్దీ ఇందులో సగం కోసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ పేరున్న సగాన్ని మాత్రం ఉంచండి.